నాన్న షుగర్ 46కి పడిపోయింది, మెదడు దెబ్బతిన్నట్టేనా?

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న 39 ఏళ్ళ పాఠకురాలు ఒకరు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను. ఆవిడ నాన్నగారికి 72 ఏళ్ళు, లెక్కల మాస్టారుగా రిటైరై భార్యతో తెనాలి దగ్గర పల్లెలో ఉంటున్నారు. షుగర్ వచ్చి 16 ఏళ్ళు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకుంటారు, అందులో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసి ఉన్నాయి. బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. పథ్యంలో మహా గట్టి మనిషి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 శాతం వచ్చిందని ఆ రిపోర్టు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించేవారట.

పోయిన కార్తీకంలో ఒక సోమవారం ఆయన పగలంతా ఉపవాసం ఉన్నారు. పొద్దుటి మాత్ర మానలేదు. నక్షత్రం చూశాక కాస్త ఫలహారం చేసి, రాత్రి మాత్ర కూడా వేసుకుని పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మగారికి మెలకువ వచ్చి చూస్తే ఆయన మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నట్టు వేళ్ళు కదుపుతున్నారు. ఒంటి మీద ఉన్నది బనీను, దానికి గుండీలే లేవు. పిండితే నీళ్ళు కారేలా తడిసిపోయి ఉంది. 'స్కూలుకి టైమైంది' అన్నారట. గ్లూకోమీటర్లో 46. రెండు గ్లాసుల పంచదార నీళ్ళు తాగించినా అరగంటకి 58 దాకానే వచ్చింది. పూర్తిగా మామూలు మనిషి అయ్యేసరికి గంటన్నర పట్టింది, ఆయనకి అదేమీ గుర్తు లేదు.

అప్పటి నుంచి అమ్మగారు భయంతో రోజూ పడుకునే ముందు రెండు లడ్డూలు తినిపిస్తున్నారు, పొద్దున చూస్తే 270, 280. అది చూసి ఈయన కంగారుపడి మర్నాడు రాత్రి తిండి మానేస్తున్నారు. అలా మానేసిన రోజుల్లో రెండుసార్లు ఊరికే చూస్తే 54, 51 ఉంది, ఆయనకి మాత్రం ఏమీ తెలియలేదు. ఈమధ్య పాల లెక్క రెండుసార్లు తప్పు కూడారు. మనవరాలి పేరు ఒక్క క్షణం తట్టలేదు. డాలస్‌లో ఉన్న అన్నయ్య 'లో షుగర్ వల్ల మెదడుకి రక్షణగా ఉండే గోడ చిరిగిపోతుంది, మాత్రలన్నీ ఆపేయండి' అని ఏదో వ్యాసం పంపాడు. ఆ గోడ సంగతి నిజమేనా, మతిమరుపు దీనివల్లేనా, మాత్రలు ఆపాలా, నాన్నని హైదరాబాద్ తీసుకొచ్చేయాలా అని ఆవిడ అడుగుతున్నారు.

చూడమ్మా, ముందు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకే వస్తాను. ఒక రాత్రి 46కి పడిపోయి, కాసేపు అయోమయంగా మాట్లాడి, తర్వాత మళ్ళీ మామూలైపోయిన మనిషి మెదడు సాధారణంగా శాశ్వతంగా దెబ్బతినదు. అలాంటి దెబ్బ తగిలేది షుగర్ ఇంకా చాలా కిందకి పోయి, మనిషి స్పృహ లేకుండా గంటల తరబడి ఎవరూ చూడకుండా ఉండిపోయినప్పుడు. మీ అమ్మగారికి ఆ వేళప్పుడు మెలకువ రావడం, మీటరు తీసి చూడాలని తోచడం చాలా పెద్ద విషయం. ఆవిడకి ఆ మాట ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే ఆ లడ్డూల వెనక ఉన్నది 'ఆ రాత్రి నేను ఇంకో గంట పడుకుని ఉంటే' అన్న భయం. నాకైతే ఆ 46 కంటే తర్వాత వచ్చిన 54, 51 ఎక్కువ టెన్షన్ పెడుతున్నాయి. ఎందుకో చెప్పాలంటే మీ అన్నయ్య పంపిన గోడ గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

గోడ అనగానే తలలో ఎక్కడో ఒక పొర ఉంటుందనుకుంటాం. అలాంటిదేమీ లేదు. 1885లో పాల్ ఎర్లిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడుకి మాత్రం పట్టలేదు. కారణం మెదడులోని సన్నటి రక్తనాళాల లోపలి కణాలు. ఒంట్లో చాలాచోట్ల ఈ కణాల మధ్య సన్నటి సందులుంటాయి, మెదడులో మాత్రం వేలికి వేలు బిగించి పట్టుకున్నట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. బయటివైపు పెరిసైట్లనే కణాలు నాళాన్ని చుట్టుకుని కాపు కాస్తుంటాయి. సందులు లేవు కాబట్టి గ్లూకోజ్ కూడా తనంతట తాను లోపలికి పోలేదు, దానికోసం గ్లూట్-1 అనే ప్రొటీన్ గేట్లు ఉన్నాయి. కండరాలు గ్లూకోజ్ తీసుకోవాలంటే చాలావరకు ఇన్సులిన్ వచ్చి తలుపు తీయాలి, ఈ గేట్లకి ఆ అవసరం లేదు, రక్తంలో ఎంత ఉంటే దాన్నిబట్టి లోపలికి వదులుతాయి. మెదడు బరువు మన బరువులో 2 శాతమే, కానీ ఒంటికి అందే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. పైగా దానికి చెప్పుకోదగ్గ నిల్వ లేదు. ఏ పూటకి ఆ పూట తెచ్చుకుని వండుకునే ఇల్లు లాంటిది. అందుకే షుగర్ పడిపోగానే మొదట తేడా వచ్చేది మాటలో, మతిలో.

ఇప్పుడు ఆ వ్యాసంలో నిజమెంత? ఈ అడ్డు షుగర్ జబ్బులో బలహీనపడుతుందన్నది నిజమే, కానీ అందులో పెద్ద పాత్ర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండే షుగర్‌ది. ఎక్కువ గ్లూకోజ్ వల్ల ఆ కణాల్లో ఒత్తిడి పెరుగుతుంది, అతుకుల్లో ఉండే ప్రొటీన్లు తగ్గుతాయి, కాపు కాసే పెరిసైట్లు చచ్చిపోతాయి. ఇందులో చాలావరకు జంతువుల్లో, ల్యాబుల్లో పెంచిన కణాల్లో చూసిందే, అయినా షుగర్ ఉన్న మనుషులకి రంగు మందు ఎక్కించి ఎంఆర్ఐ తీసినప్పుడు కూడా కొందరిలో చిన్న లీకేజీ కనిపించింది. మీకు బాగా తెలిసిన ఉదాహరణ కావాలంటే కన్ను ఉంది. రెటీనా నాళాలకీ ఇలాంటి అడ్డే ఉంటుంది, షుగర్ వల్ల అక్కడా పెరిసైట్లు పోతాయి, అక్కడ జరిగే లీకేజీని కంటి డాక్టరు నేరుగా చూడగలరు. నాన్నగారికి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా పరీక్ష చేయించి ఎన్నాళ్ళయింది? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఏడాది దాటితే చేయించండి. మెదడు నాళాల పరిస్థితి అది నేరుగా చెప్పదు గానీ, సన్నటి నాళాలు ఎలా ఉన్నాయో ఒక అంచనా ఇస్తుంది.

లో షుగర్ సంగతి వేరు. అదొచ్చి గోడని పరపరా చింపేయదు. ప్రాణం మీదికి వచ్చేంత తీవ్రంగా షుగర్ తగ్గించిన జంతువుల్లో ఆ నాళాలకి దెబ్బ తగలడం చూశారు. ఎలుకల్లో ఇంకో సంగతి కూడా తేలింది, అంత తీవ్రంగా పడిపోయాక గ్లూకోజ్‌ని ఒక్కసారిగా బాగా ఎక్కించేస్తే మెదడు కణాలకి జరిగే నష్టం ఎక్కువైంది. దీన్నిబట్టి లో షుగర్ వచ్చినప్పుడు తీపి ఇవ్వడానికి తటపటాయించకండి, వెంటనే ఇవ్వాల్సిందే, కాకపోతే కొలిచి ఇవ్వాలి. లడ్డూ మీద లడ్డూ పెట్టి 51 నుంచి 280కి తీసుకెళ్ళక్కర్లేదు.

మనుషుల్లో మాటిమాటికీ వచ్చే లో షుగర్‌తో అసలు ప్రమాదం ఏంటంటే, మెదడు దానికి అలవాటు పడిపోతుంది. మామూలుగా 70 దగ్గరికి వచ్చేసరికే ఒంట్లో షుగర్‌ని పైకి లేపే గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు విడుదలై, ఇంకొంచెం దిగగానే చెమట, వణుకు, గుండెదడ, ఆకలి మొదలవుతాయి. అది అలారం. ఈమధ్యే ఒకటి రెండుసార్లు పడిపోయిన మనిషికి ఆ అలారం ఆలస్యంగా మోగుతుంది, ఒక్కోసారి మోగదు. ఎందుకు అన్నదానికి ఒక వివరణ ఆ గేట్లలోనే ఉంది. తరచూ గ్లూకోజ్ కరువైతే మెదడు గేట్లు పెంచుకుని ఉన్నదాంట్లోనే ఎక్కువ లాక్కుంటుంది, 'ఇబ్బంది లేదు' అనుకుంటుంది, కాబట్టి కేక పెట్టదు. జంతువుల్లో ఇది స్పష్టంగానే కనిపించింది, మనుషుల మీద చేసిన పరీక్షల్లో కొన్నిటిలో కనిపించింది, కొన్నిటిలో లేదు. కారణం ఏదైనా, అలారం మొద్దుబారడం మాత్రం డాక్టర్లందరూ రోజూ చూసేదే. 54 దగ్గర కేక వినపడని మనిషికి, స్పృహ తప్పే అంకెకీ మధ్య ఇక ఎక్కువ దూరం ఉండదు. దానికి తోడు మెటోప్రొలాల్ గుండెదడనీ వణుకునీ అణిచేస్తుంది. చెమటని అణచదు. మీ నాన్నగారి విషయంలో ఆ తడిసిన బనీనే మిగిలిన గుర్తు. అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పండి, రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన మెడ మీద చెయ్యి పెట్టి చూస్తే చాలు.

మంచి కబురు కూడా ఉంది. రెండు మూడు వారాలు ఒక్క లో షుగర్ కూడా రాకుండా చూసుకుంటే చాలామందిలో ఆ అలారం మళ్ళీ పనిచేయడం మొదలుపెడుతుంది. మీ ఇంట్లో మొదట జరగాల్సింది అదే.

పంచదార నీళ్ళ గురించి ఇక్కడే చెప్పేయాలి, ఇది ఎవరూ మీకు చెప్పినట్టు లేరు. ఆయన మాత్రలో వోగ్లిబోస్ ఉంది కదా, దాని పనే పేగుల్లో పంచదారనీ పిండి పదార్థాన్నీ విడగొట్టడం నెమ్మది చేయడం. అది వాడుతున్న మనిషికి లో షుగర్ వస్తే పంచదార, బిస్కెట్లు త్వరగా ఎక్కవు. రెండు గ్లాసులు తాగించినా అరగంటకి 58 దగ్గరే ఉండటానికి ఇదే కారణం అయి ఉంటుంది, అమ్మగారి తప్పు ఏమీ లేదు. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడి డబ్బా ఒకటి మంచం పక్కనే, మూత సులువుగా వచ్చేలా పెట్టండి. మూడు నాలుగు టీస్పూన్లు నీళ్ళలో కలిపి ఇవ్వాలి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి, 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి, దాటాక రెండు ఇడ్లీలో కొంచెం అన్నమో పెట్టాలి. గ్లూకోజ్ దొరకకపోతే తేనె పనికొస్తుంది. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంకొకటి, గ్లిమిపిరైడ్ ఒంట్లో ఇన్సులిన్‌ని ఎక్కువగా విడుదల చేయించే మందు, దానివల్ల పడిపోయిన షుగర్ ఒకసారి లేచినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడిపోవచ్చు. ఆ రోజు నాలుగున్నరకి అలా అయినప్పుడు తెల్లారాక ఆస్పత్రిలో ఒకరోజు కనిపెట్టి చూసుంటే బాగుండేది. అయిపోయింది, ఇకముందు గుర్తుపెట్టుకోండి.

మతిమరుపు సంగతి. 2009లో ఉత్తర కాలిఫోర్నియాలో టైప్ 2 షుగర్ ఉన్న 16,667 మంది పెద్దవాళ్ళ రికార్డులు పరిశీలించి ఒక అధ్యయనం వచ్చింది. ఆస్పత్రిపాలయ్యేంత తీవ్రమైన లో షుగర్ వచ్చినవాళ్ళలో డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఎక్కువగా కనిపించింది, మూడు అంతకంటే ఎక్కువసార్లు వచ్చినవాళ్ళలో దాదాపు రెట్టింపు. మీ అన్నయ్య పంపిన వ్యాసానికి మూలం ఇలాంటిదే అయి ఉంటుంది. కానీ మతి తగ్గుతున్నవాళ్ళు మాత్ర వేసుకున్నామో లేదో మరిచిపోయి రెండోసారి వేసుకుంటారు, తిండి మరిచిపోతారు, దానివల్ల కూడా లో షుగర్ వస్తుంది. ఏది ముందో ఏది వెనకో ఇలాంటి రికార్డుల నుంచి తేల్చడం కష్టం. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం) ఉన్నవాళ్ళని 18 ఏళ్ళ పాటు గమనించిన ఇంకో పెద్ద అధ్యయనంలో, 2007లో వచ్చింది అది, తీవ్రమైన లో షుగర్లు వచ్చినవాళ్ళలో కూడా ఆలోచనాశక్తి చెప్పుకోదగ్గంత తగ్గలేదని తేలింది. వాళ్ళే ఇంకా పెద్దవాళ్ళయ్యాక చూస్తే మాత్రం ఆ ప్రభావం బయటపడింది. అంటే వయసులో మెదడు తట్టుకున్నది డెబ్బైల్లో తట్టుకోకపోవచ్చు.

ఇక మీ నాన్నగారు పాల లెక్క తప్పు కూడింది ఏ రోజు? ముందు రాత్రి షుగర్ ఎంత? ఒక రాత్రి 51, ఇంకో పొద్దున 280, మధ్యలో సగం నిద్ర, ఈ స్థితిలో ఎవరికైనా లెక్క తప్పుతుంది. పైగా ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళలో బీ12 తగ్గడం మామూలు, అది కూడా మతిమరుపు తెప్పిస్తుంది, దాన్ని సరిచేయొచ్చు. అందుకని బీ12, థైరాయిడ్, క్రియాటినిన్ చేయించండి. క్రియాటినిన్ ఎందుకంటే కిడ్నీల పని తగ్గితే గ్లిమిపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది, పదేళ్ళ కిందట సరిపోయిన డోసు ఇప్పుడు ఎక్కువైపోతుంది. షుగర్ రెండు మూడు నెలలు నిలకడగా ఉన్నాక జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి, ఇప్పుడు చేయిస్తే వచ్చే మార్కులు ఆయనవి కావు, ఆ ఎగుడుదిగుళ్ళవి. దారి తప్పడం, డబ్బు విషయంలో పొరబడటం, మాట తడబడటం లాంటివి కనిపిస్తే మాత్రం అన్ని రోజులు ఆగొద్దు.

మాత్రలు ఆపడమా అంటే, మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి. ఇప్పుడున్నట్టే ఉంచి రాత్రి లడ్డూలతో నెట్టుకురావచ్చు, ఇప్పుడు జరుగుతున్నది అదే, ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఒకవైపు అలారం ఇంకా మొద్దుబారుతుంది, ఇంకోవైపు ఆ 280లు మీ అన్నయ్య భయపడుతున్న గోడనే దెబ్బతీస్తాయి. రెండోది అన్నయ్య చెప్పినట్టు అన్నీ ఆపేయడం. వారం పది రోజులు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత మాటిమాటికీ మూత్రం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, ఇన్ఫెక్షన్లు, షుగర్ మరీ పెరిగిపోతే అది కూడా మనిషిని మత్తులోకి తోసేస్తుంది. దూరంగా ఉన్న కొడుకు భయాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ ఈ దారి వద్దు.

మూడోది డాక్టరు దగ్గరికి వెళ్ళి గ్లిమిపిరైడ్ ఒక్కదాని గురించి సూటిగా అడగడం, తగ్గించొచ్చా, రాత్రిది తీసేయొచ్చా, దాని బదులు సిటాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ మందు ఇవ్వొచ్చా అని. గ్లిప్టిన్లు వాటంతట అవి లో షుగర్ తెప్పించడం చాలా అరుదు, సిటాగ్లిప్టిన్‌కి 2022లో మన దేశంలో పేటెంట్ ముగిశాక ధర కూడా బాగా దిగింది. ఈ మార్పుతో మూడు నెలల షుగర్ 6.1 నుంచి 7 దాటొచ్చు. దానికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి, ముఖ్యంగా నాన్నగారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 7 నుంచి 7.5 లోపు, జబ్బులు ఎక్కువగా ఉన్నవాళ్ళకి 8 లోపు ఉంటే చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. అమెరికా, కెనడాల్లో 10,251 మందితో చేసిన అకార్డ్ అనే ట్రయల్లో కొందరికి 6 లోపుకి దించాలని పట్టుబట్టి మందులిచ్చారు, ఆ గుంపులో మరణాలు ఎక్కువయ్యాయని 2008లో ఆ గట్టి చికిత్సని మధ్యలోనే ఆపేశారు. 6.1 అనేది మూడు నెలల సగటు. 51నీ 280నీ కలిపి సగం చేస్తే ఎంతో లెక్కల మాస్టారికి నేను చెప్పక్కర్లేదు.

నాలుగోది వీటికి తోడుగా చేసుకోగలిగేది, చేతికి అంటించే సెన్సర్. రెండు వారాలు రాత్రింబవళ్ళు షుగర్ గీత గీస్తుంది. కొన్ని వేలవుతుంది, ప్రతి నెలా అక్కర్లేదు, ఒక్కసారి పెట్టించినా ఆయన నిద్రపోతున్నప్పుడు ఏం జరుగుతోందో బయటపడుతుంది. డబ్బు కష్టమైతే వారంలో రెండు రోజులు తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని స్ట్రిప్పుతో చూడమనండి. నేనైతే మూడూ నాలుగూ కలిపి చేస్తాను.

హైదరాబాద్ తీసుకురావడం గురించి మీరు రాసిన పేజీన్నర చదివితే, మీరు అడుగుతున్నది ఆయన షుగర్ గురించి కంటే మీ మనశ్శాంతి గురించి అనిపించింది. అందులో తప్పేమీ లేదు. తీసుకొస్తే రాత్రిళ్ళు మీరు చూసుకోగలరు, పెద్ద డాక్టర్లు దగ్గర్లో ఉంటారు. కానీ ఆ వయసులో ఊరు మారితే నడక, స్నేహితులు, తిండి వేళలు అన్నీ మారతాయి, మందు డోసు మళ్ళీ మొదటి నుంచి సర్దుకోవాలి, మతి కాస్త తడబడుతున్న మనిషికి కొత్త ఇల్లు ఇంకా అయోమయంగా ఉంటుంది. మందు మార్చే ఆ మూడు వారాలు మీరే సెలవు పెట్టి అక్కడ ఉండగలిగితే ముందు అది చేసి చూడండి. కుదరకపోతే నెలరోజులు 'చెకప్ కోసం' అని పిలవండి, ఇక్కడే ఉండిపోవాలి అని మొదటి రోజే అనకండి.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలి అన్నది. దొంగచాటుగా అన్నం మానేస్తున్న మనిషిని తిడితే మీటరు కూడా దాచేస్తారు. ఆయనకి 280 ఓడిపోవడంలా, 6.1 ఫస్ట్ క్లాసులా కనిపిస్తున్నాయి. కొత్త లెక్క ఇవ్వండి, 90కీ 180కీ మధ్య రోజులో ఎన్ని గంటలు ఉంటే అన్ని మార్కులు, 70 కిందకి పోతే సున్నా. కార్తీక సోమవారాల ఉపవాసం గురించి మీరు వాదనకి దిగకండి, ఉపవాసం ఉంటే ఆ రోజు మాత్ర ఏం చేయాలో డాక్టరు చేత చీటీ మీద రాయించి తెచ్చి ఆయన చేతికే ఇవ్వండి. రాసి ఉన్నదాన్ని ఆ తరం మాస్టార్లు దాటరు. అన్నయ్యకి సెన్సర్ రిపోర్టు ఫోటో పంపండి, ఆ గీత చూస్తే డాలస్‌లో కూర్చుని చేయగలిగిన సాయం ఏంటో ఆయనకే తెలుస్తుంది.

ఆ రిపోర్టు రాగానే ముందు రాత్రి రెండుకీ ఐదుకీ మధ్య గీత ఎక్కడుందో చూడండి, చూసి నాకు మళ్ళీ రాయండి.